నా పేరుతో మూసిన ఫిర్యాదు

బుధవారం, రాత్రి

పొద్దున నగరి నుంచి మరమగ్గం నేసే సెల్వి అక్క ఫోన్ చేసింది. “ఏమ్మా, మగ్గం నిన్నట్నించి నిలబడే ఉండాది. మెకానిక్కు రాకనే బాగైందని నువ్వెట్ల రాసినావు?” అంది. నేను రాయలేదు. కానీ అక్కకు వెళ్ళిన మెసేజీ కింద నా పేరే ఉంది.

మరమగ్గాల ఫిర్యాదులు మా ఆఫీసు సర్వర్లో ఉంటాయి. నేతగాళ్ల మెసేజీలు తనే చదివి, జవాబిచ్చి, నేరుగా అందులో చేర్చే ప్రోగ్రాం ఒకటి మొన్న కలిపాను. అది లోపలికి రావడానికి తాళంచెవి లాంటి టోకెన్ అడిగితే, తొందరలో నాదే ఇచ్చాను. నేను చేయగలిగిందల్లా అదీ చేయగలదని తట్టలేదు. “ఎప్పుడు బాగవుతుంది?” అని అక్క పంపితే, బాగైందనుకుని ఫిర్యాదు మూసేసింది.

వెంటనే మెకానిక్‌ను పంపాను. ప్రోగ్రాముకు వేరే ఖాతా తెరిచాను. ఇక అది ఫిర్యాదు రాయగలదు, మూసే వీల్లేదు. సాయంత్రం అక్క మళ్ళీ చేసింది. “ఆడుతుండాదిలేమ్మా” అంది. వెనక మగ్గం చప్పుడు వినబడింది.

పాత టోకెన్ రద్దు చేసేముందు, ప్రోగ్రాం నా పేరుతో రాసినవన్నీ కుతూహలంగా చదివాను. ప్రతి నేతగాడికీ “ఇబ్బందికి క్షమించండి” అని చెప్పింది. ఇన్నేళ్లలో నేను ఒక్కరికైనా అలా చెప్పానా అని ఆలోచిస్తున్నాను...