తేనెటీగలకు ముందే తెలుసు

వెన్‌హోప్, ష్రాప్‌షైర్
14 ఆగస్టు 1932, ఆదివారం సాయంత్రం

ప్రియమైన హిల్డా,

మీ ఇంట్లో దిగి ఏడు వారాలైంది. నువ్వు చిన్నప్పుడు పడుకున్న గది నాకిచ్చారు. కిటికీ చెక్క మీద నువ్వు గోటితో గీసిన గీతలు ఇంకా ఉన్నాయి. కాన్వెంట్‌కి తిరిగి వెళ్ళే రోజు కోసం లెక్కపెట్టుకున్నావేమో. సెలవులకి ఇంటికొచ్చి, బడి కోసం రోజులు లెక్కపెట్టిన పిల్లవి నువ్వొక్కదానివే అయ్యుంటావు.

ఊళ్ళో నేను నడిపే పఠనాలయానికి నిన్న ముగ్గురొచ్చారు. ఒకరు వాన తగ్గేదాకా నిలబడ్డారు. ఇంకొకరు దారి తప్పి వచ్చారు. మూడో మనిషి ఈనక్ ప్రీస్, మీ తోట పక్కన కంచెలు అల్లే ఆయన. "ఏమమ్మా పుస్తకాలమ్మా, కంచెల గురించి ఏమన్నా ఉందా?" అన్నాడు. ఉంది, ఇచ్చాను. బొమ్మలు తిరగేసి నవ్వాడు. "ఇది రాసినోడు కంచె కట్టలేదు, కంచెలో పడ్డాడు" అన్నాడు. నాకు ఆయన అంటే భయం వేయదు. ఇక్కడ నాకు భయం వేయని మగవాడు ఆయన ఒక్కడే.

మీ అమ్మ కుడి మణికట్టుకి కట్టు ఉంది. పాలగది మెట్ల మీద జారానంది. పాలగదికి మెట్లు లేవు హిల్డా. ఇది నీకు రాయాలా వద్దా అని వారం రోజులుగా ఆలోచించి రాస్తున్నాను. నీ మారుతండ్రి గోఫ్ నిన్న పొద్దున సంతకి వెళ్ళాడు. ఎప్పటిలాగే తాగి సోమవారానికి వస్తాడని మీ అమ్మ చెప్పింది. ఆయన లేని ఇల్లు చాలా ప్రశాంతంగా ఉంది.

ఈరోజు తెల్లవారుజామునే చర్చిలో పూజకి బయలుదేరాను. ఇక్కడ మనలా కాథలిక్కులు ఎవరూ లేరు కాబట్టి ఆరు మైళ్ళూ ఒంటరి నడకే. తోటలోంచి వెళ్తుంటే మీ తేనెపెట్టెలు ఏడింటికీ నల్లటి గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. పిట్టలు రాకుండానా? నీకు తెలిసే ఉంటుంది. మంచులో అవి ఏడుగురు మనుషులు తలలు వంచుకుని కూర్చున్నట్టున్నాయి. నేను దగ్గరికి వెళ్ళగానే లోపలి రొద ఆగింది. మాట్లాడుకుంటున్న వాళ్ళు మనల్ని చూసి ఆపుతారే, అలా.

రేపు మరియమాత పండుగ. మళ్ళీ ఆరు మైళ్ళు.

నీ
ఉర్సులా


వెన్‌హోప్
18 ఆగస్టు, గురువారం

ప్రియమైన హిల్డా,

తంతి అందే ఉంటుంది. అందులో పట్టని సంగతులు రాస్తున్నాను.

సోమవారం మధ్యాహ్నం తోట చివర గుంటలో సైలస్ గోఫ్ శవం కనిపించింది. తల వెనక దెబ్బ, ఒకటే. పక్కన ఈనక్ మచ్చుకత్తి పడి ఉంది. శనివారం సాయంత్రమే పోయి ఉంటాడని డాక్టరు అన్నాడు. సంతకి వెళ్ళిన మనిషి ఆ మధ్యాహ్నమే తిరిగొచ్చాడని ఎవరికీ తెలియదు. మీ అమ్మ ఊరి చర్చి వికార్ గారింట్లో జామ్ కాస్తోంది, నేను పఠనాలయంలో ఉన్నాను.

ఈనక్‌ని తీసుకెళ్ళిపోయారు. ఆ ముందు వారం సారాకొట్టులో గోఫ్ ఆయన కంచెని ముసలిదాని పళ్ళతో పోల్చాడట. "నిన్ను కూడా ఇదే కంచెలో వంచి పడుకోబెడతా చూడు" అని ఈనక్ అన్నాడట. అప్పుడు అందరూ నవ్వారు. ఇప్పుడు ఆ నవ్విన వాళ్ళే సాక్ష్యం చెప్తున్నారు. కత్తి ఎప్పటిలాగే కంచెకి తగిలించి వెళ్ళానని ఈనక్ అంటున్నాడు.

అంత్యక్రియల రోజు పోస్టాఫీసు బెబ్ గారు తేనెపెట్టెల వైపు చూసి, "మార్తా మంచి పని చేసింది, వెంటనే చెప్పింది" అని మీ అమ్మని మెచ్చుకున్నారు. ఏం చెప్పింది, ఎవరికి అని అడిగాను. నన్ను జాలిగా చూశారు.

"ఇంటి యజమాని పోతే ఈగలకి చెప్పాలి కదమ్మా! ఇంటి తాళంచెవితో మూడుసార్లు తట్టి, చెప్పి, నల్లగుడ్డ కట్టాలి. అదీ ఆ ఇంటి మనిషే చెయ్యాలి. చెప్పకపోతే ఏడాది తిరక్కుండా అదే ఇంట్లో ఇంకో చావు. మీ కాన్వెంటులో ఏం నేర్పారమ్మా?"

అందరూ ఆ గుడ్డలు సోమవారం, శవం దొరికాక మీ అమ్మ కట్టిందనుకుంటున్నారు. నేను వాటిని ఆదివారం తెల్లవారుజామున చూశాను.

హిల్డా, ఆయన పోయాడని ఎవరికీ తెలియని రోజున వాటికి ఎవరు చెప్పారు?

నాకు నిద్ర పట్టడం లేదు. నువ్వు అంత్యక్రియలకి వస్తావనుకున్నాను.

ఉర్సులా


బర్మింగ్‌హామ్
27 ఆగస్టు

ప్రియమైన ఉర్సీ,

జ్వరం. రాలేకపోయాను. ఆలస్యానికి కూడా అదే కారణం అనుకో.

నా పిచ్చి తల్లీ, నువ్వు వరసగా రెండు రోజులు పూజకి వెళ్ళావు. రెండు రోజులూ వెళ్తూ వస్తూ అదే తోట. నువ్వు చూసింది సోమవారం తిరిగొస్తూ, శవం దొరికాక. చరిత్ర పరీక్ష రోజున లెక్కల పుస్తకంతో వచ్చి కూర్చున్నది ఎవరు? సిస్టర్ ఆన్‌సెల్మ్ నీ గురించి ఏమనేది? "ఈ పిల్లకి ఏ శతాబ్దంలో ఉన్నామో తెలుసు, ఏ వారమో తెలియదు."

ఇది ఎవరితోనూ అనకు. అంటే మొదట ఎవరి మీదకి పోతుందో చూడు: ఇంటి మనిషే చెప్పాలి, ఇంట్లో ఉన్నది అమ్మ. ఆమెకి చాలదా ఇప్పటిదాకా పడింది?

ఈనక్‌ని వదిలేస్తారు. కంచెకి తగిలించిన కత్తి ఎవరి చేతికైనా అందుతుంది. కోర్టులో వాళ్ళకి ఆమాత్రం తెలియదా?

అమ్మ చెయ్యి ఎలా ఉంది?

హిల్డా


వెన్‌హోప్
4 సెప్టెంబరు, ఆదివారం

ప్రియమైన హిల్డా,

నీ మాట వినలేదు. నన్ను తిట్టు.

ఈనక్‌ని వదల్లేదు. నవంబరులో పెద్ద కోర్టులో విచారణ. ఉరి పడుతుందని అందరూ మామూలుగా అనేస్తున్నారు, యాపిల్స్ ఈసారి బాగా కాశాయి అన్నంత మామూలుగా. ఆయన భార్య హన్నా రోజూ పఠనాలయానికి వచ్చి కూర్చుంటుంది. ఆమెకి చదువు రాదు. కంచెల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఆయన నవ్విన పేజీ ఏదో చూపించమంటుంది. రోజూ చూపిస్తాను.

అందుకే ఇన్‌స్పెక్టర్ లైడ్లో దగ్గరికి వెళ్ళాను. కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆదివారం చూశానన్నాను. ఆయన నవ్వాడు.

"పుస్తకాల గది మీదేనా? డిటెక్టివ్ నవలలు ఏ అలమరాలో పెడతారు మిస్?"

"అవి ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లోనే ఉంటాయండీ" అన్నాను. నిజమే కదా.

"చూడండి, ఈగలకి కబురు చెప్పారని నేను జడ్జిగారి ముందు చెప్తే నన్ను ఇంటికి పంపిస్తారు. ఆదివారమే అనడానికి కాగితం మీద ఏమన్నా ఉందా?"

ఉంది. నీ దగ్గర. నేను ఆదివారం సాయంత్రం నీకు ఉత్తరం రాశాను, శవం దొరకకముందు. తెల్లారి పండుగకి వెళ్తూ డబ్బాలో వేశాను. కవరు మీద సోమవారం పొద్దుటి ముద్ర ఉంటుంది. కవరుతో సహా పంపు హిల్డా. అది మీ అమ్మ మీదకి వస్తుందని నేను అనుకోవడం లేదు. ఆమె చేసుంటే, గుడ్డలు ముందే కనిపించాయని నాలాంటి దానికి కూడా తెలిసేలా చేస్తుందా?

ఇంకొక మాట. మీ అమ్మ రోజూ సందెవేళ ఒక్కో పెట్టెకీ చెవి ఆనించి నిలబడుతుంది. నిన్న నేను పక్కన ఉన్నానని తెలియక, "నాకు చెప్పరేమే? నాకు చెప్పరేమే?" అంటోంది. రాత్రంతా ఆ రొద గోడలోంచి నా మంచం దాకా వస్తుంది.

ఉత్తరం పంపు.

ఉర్సులా


బర్మింగ్‌హామ్
15 సెప్టెంబరు

ఉర్సీ,

తగలబెట్టేశాను. నేను ఉత్తరాలు దాచుకునే రకం కాదు. ఇక దీని గురించి రాయకు.

హి.


వెన్‌హోప్
29 సెప్టెంబరు, గురువారం

ప్రియమైన హిల్డా,

మదర్ క్లేర్ నీకిచ్చిన ఒకే ఒక చాక్లెట్ కాగితాన్ని ప్రార్థన పుస్తకంలో నాలుగేళ్ళు దాచావు. నువ్వు ఉత్తరాలు దాచుకోవని నాకు చెప్తున్నావు.

నిన్న గాలివాన. పొద్దున చూస్తే తేనెపెట్టెల మీది గుడ్డలు ఊడి వేలాడుతున్నాయి. సరిచేద్దామని వెళ్ళాను. ఈగలు బయటికి రాలేదు. ఆరో పెట్టె గుడ్డ చేతిలోకి తీసుకుంటే అది గుడ్డ కాదు, రిబ్బను. మనం ఇళ్ళ నుంచి తెచ్చుకుని, మదర్ క్లేర్ పోయినప్పుడు జడలకి కట్టుకున్న నల్ల రిబ్బను. అంచు మడతలో ఎర్రదారంతో కుట్టిన అంకె ఉంది. చాకిరేవులో కలిసిపోకుండా అందరి బట్టల మీదా కుట్టేవారే. నాది ఇరవై ఏడు.

నీ అంకె నేను రాయను. నీకు తెలుసు.

వెనక్కి తిరిగితే మీ అమ్మ నిలబడి ఉంది. చెయ్యి చాపింది. ఇచ్చాను. అంకెని వేలితో తడిమి చూసింది, గుడ్డివాళ్ళు చూసినట్టు.

"దీన్ని నేనే కుట్టాను తల్లీ" అంది. "పిల్ల కాన్వెంటుకి వెళ్ళే ముందు రోజు. అన్నిటికీ కుట్టాను."

రిబ్బనుని గుప్పిట్లో మూసుకుని, "నాకో ఉత్తరం రాసిపెట్టాలి నువ్వు. ఈ చేత్తో కలం పట్టలేను. ఇన్‌స్పెక్టర్‌గారికి. వికార్ గారింటి నుంచి మధ్యలో ఇంటికొచ్చాననీ, నేనే చేశాననీ రాయి" అంది.

"అది నిజం కాదు కదండీ" అన్నాను.

"నిజం ఎవరిక్కావాలే? హన్నా మొగుడు ఇంటికొస్తాడు. నా పిల్ల ఎక్కడుందో అక్కడే ఉంటుంది. నేను బతికింది చాల్లే."

రేపు రాస్తానన్నాను. రేపు కూడా రేపు అంటాను. సోమవారం దాకా అనగలను. ఆ తరవాత ఆమె వికార్ గారి చేత రాయించుకుంటుంది.

నేను ఎవరికీ చెప్పలేదు. బడిలో నాతో ఎవరూ మాట్లాడని మొదటి ఏడాది నువ్వొక్కదానివే నా పక్కన కూర్చుని భోజనం చేశావు. అది నేను మర్చిపోలేను, హన్నా ఒళ్ళో పుస్తకాన్ని కూడా మర్చిపోలేను. నాకు ఇంతకన్నా రాయడం చేతకాదు.

ఎప్పటికీ నీ
ఉర్సులా


బర్మింగ్‌హామ్
2 అక్టోబరు, ఆదివారం

నా ఉర్సీ,

దీనితో పాటు నీ పద్నాలుగో తేదీ ఉత్తరం ఉంది, కవరుతో సహా. మూల కాలింది. పొయ్యిలో వేసి, నా చేత్తోనే తీశాను. ముద్ర చెడలేదు.

అమ్మ చెయ్యి సంగతి నువ్వు రాయకముందే పోస్టాఫీసు బెబ్ గారు రాశారు. అందుకే ఆ శనివారం వచ్చాను, అమ్మని తీసుకుపోదామని. ఇంట్లో ఎవరూ లేరు. తోటలో వాడు ఎదురయ్యాడు. "తీసుకుపో, ఎడమచెయ్యి ఇంకా బాగానే ఉంది, ఆ పని కూడా చేసి పంపిస్తా" అని నవ్వి వెనక్కి తిరిగాడు. తిరిగాడు ఉర్సీ. నా మీదకి రాలేదు. భయపడి చేశానని కోర్టులో చెప్పుకోలేను. కత్తి కంచెకి తగిలించి ఉంది. అది ఈనక్‌దని కూడా అప్పుడు ఆలోచించలేదు.

రైలుకి గంట టైముంది. పారిపోవాల్సినదాన్ని, తేనెపెట్టెల దగ్గర నిలబడ్డాను. చెప్పకపోతే అదే ఇంట్లో ఇంకో చావు అని పుట్టినప్పటి నుంచీ విన్నాను. ఆ ఇంట్లో మిగిలింది అమ్మ ఒక్కతే. అమ్మ ఉత్తరాల కట్టకి చుట్టిన రిబ్బను విప్పి ఏడు ముక్కలు చేశాను. ఇంటి తాళంచెవి లేదు. నా అద్దెగది తాళంచెవితో తట్టాను. ఆ తాళంచెవి వాటికి తెలియదు. "మీ యజమాని పోయాడు" అన్నాను. ఎలా పోయాడో చెప్పలేదు. సగమే చెప్పాను. ఆ రొద నీ గోడలోంచే కాదు, ఇక్కడ మూడో అంతస్తులో నా గోడలోంచి కూడా వస్తోంది. ఏడు వారాలుగా మిగతా సగం అడుగుతున్నాయి.

అమ్మకి ఏమీ రాసిపెట్టకు. ఈ ఉత్తరం, నేనూ రేపు పొద్దున ఒకే రైల్లో వస్తాం. ఇది తపాలా సంచిలో మీ ఊరు వస్తుంది. నేను ఒక స్టేషను ముందే, ఆ ఇన్‌స్పెక్టర్ ఉండే ఊళ్ళో దిగుతాను. నువ్వు చదివేసరికి నేను చెప్పేసి ఉంటాను. నీ ఉత్తరం హన్నాకి ఇవ్వు. ఆమె చదవలేకపోయినా, అది ఆమె చేతిలోనే ఉండాలి.

అమ్మ దగ్గర కూర్చో. మాట్లాడకపోయినా పర్లేదు, నీకది బాగా వచ్చు.

ఒక్క పని మిగిలింది. ఇంటి తాళంచెవి తలుపు వెనక మేకుకి ఉంటుంది. సందెవేళ అమ్మని వెంటబెట్టుకుని వెళ్ళు, ఇంటి మనిషి ఉండాలి. ఏడింటి దగ్గరా మూడేసిసార్లు, మెల్లగా తట్టు. రొద ఆగేదాకా నిలబడు. ఆగుతుంది, నువ్వు విన్నావు కదా. అప్పుడు నా పేరు చెప్పు. మొత్తం చెప్పు.

నవంబరు తరవాత నా కబురుతో ఇంకోసారి వెళ్ళాల్సి రావచ్చు. అప్పటికి అవి నీ గొంతు గుర్తుపడతాయి.

నలభై ఒకటి,
నీ హిల్డా