నెరేయిదా పేరున్న కాగితం

డాల్టన్, జార్జియా, అమెరికా, 2011 జూన్ 9

ప్రియమైన నాన్నకు,

నిన్ను పట్టుకెళ్ళి రేపటికి రెండు నెలలు. లైసెన్సు లేకుండా బండి నడిపావని ఆపి, ఈ దేశంలో ఉండే కాగితాలు లేవని ఇన్నాళ్ళు బంధిస్తారా? బాగున్నానని రాస్తే నమ్మను, ఎలా ఉన్నావో నిజం రాయి. కిందటి ఉత్తరం కూడా విప్పి మళ్ళీ అతికించినట్టే వచ్చింది. మన ఉత్తరాలు చదివే ఆఫీసరుకు నా నమస్కారాలు చెప్పు.

నర్సింగులో సీటొచ్చింది నాన్నా. ఒతీలియా అత్త కాసేపు ఏడ్చి, తర్వాత కోడి వండింది. ఇక ఒక్క పని మిగిలింది. జార్జియా వాళ్ళకిచ్చే తక్కువ ఫీజు కావాలంటే ఈ దేశంలో చట్టప్రకారమే ఉంటున్నట్టు రుజువు చూపాలట. లేకపోతే నాలుగు రెట్లు. నా క్లాసులో ఏడుగురు అక్కడే ఆగిపోయారు. హ్యూస్టన్‌లో పుట్టినదాన్ని, నాకేం భయం? నా జనన పత్రం ఎక్కడుంది? అమ్మ పోయాక ఆమె పెట్టె నేను తెరవలేదు.

ముద్దులతో,
నీ నెరేయిదా

నిర్బంధ కేంద్రం, జూన్ 20

నా బంగారు తల్లికి,

సీటొచ్చిందని పక్క మంచం మీదున్న హోండురాస్ అతనికి చూపించాను. చదువు రానివాడు, అయినా నీ ఉత్తరం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

అమ్మలూ, ఆ కాగితం కోసం వెతకకు. ఈ ఏడు చేరకు. అత్తతోపాటు ఏదైనా పని చూసుకో. కాలేజీ ఎక్కడికీ పోదు. ఎందుకని ఉత్తరంలో అడగకు, ఫోనులోనూ అడగకు. నీ చదువుకు అడ్డుపడే తండ్రిని కానని నీకు తెలుసు.

ఆశీస్సులతో,
నాన్న

డాల్టన్, జూలై 22

నాన్నా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

కాగితం దొరికింది. అమ్మ పెళ్ళి శాలువా మడతలో ఉంది. నకలు కాలేజీలో ఇచ్చాను. కౌంటరులో మిసెస్ హోల్కోమ్ అంది: "ఆగస్టు పదిహేనులోపు అసలుది పట్టుకురా తల్లీ. ఈ దేశ పౌరురాలినని ఇక్కడ సంతకం పెట్టావంటే నీ పని అయిపోయినట్టే."

ఇంటికి రాగానే నీ వకీలు ఫోను చేశాడు. సెప్టెంబరు విచారణలో నీకు కొంత ఆశ ఉందట. అయినా, దేశం విడిచి పోతానని నీ అంతట నువ్వే సంతకం పెట్టావట. "ఎంత చెప్పినా మీ నాన్న వినలేదమ్మా" అన్నాడు. అమ్మ సమాధి ఇక్కడుంది, నేనిక్కడున్నాను. నన్నేమో చదవొద్దంటావు, నువ్వేమో వెళ్ళిపోతావు. నీలాగే తివాచీల మిల్లులో నూలు దుమ్ము మింగుతూ దగ్గుతూ బతకాలా నేను?

నేను సంతకం పెడతాను.

నెరేయిదా

ఇస్మికిల్పాన్, మెక్సికో, ఆగస్టు 3

నా తల్లికి,

ఈ ఉత్తరం చేరేదాకా సంతకం పెట్టకు అని దారి పొడుగునా ప్రార్థిస్తూ వచ్చాను. ఇక్కడ నా ఉత్తరాలు విప్పేవాళ్ళు లేరు. నీకీ నిజం రాయడానికే ఆ సంతకం పెట్టి వచ్చేశాను. వకీలుకు చెబుదామంటే నా మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పే మనిషి ఒకడు మధ్యలో కావాలి, అతన్ని నమ్మలేకపోయాను. సెప్టెంబరుదాకా ఆగితే నువ్వు సంతకం పెట్టేసేదానివి.

ఆ కాగితం నీది కాదు. మీ అక్కది. తొంభై మూడు మార్చిలో హ్యూస్టన్‌లో పుట్టింది. మా అమ్మకు చూపిద్దామని ఇక్కడికి తెచ్చాం. నాలుగు నెలల పిల్ల, జ్వరమొచ్చి మూడో రోజున పోయింది. మరుసటేడు ఆగస్టు పన్నెండున ఈ ఇంట్లోనే నువ్వు పుట్టావు. మళ్ళీ సరిహద్దు దాటి అమెరికాకు వెళ్ళేటప్పుడు నిన్ను ఎడారిలో నడిపించలేమంది మీ అమ్మ. అక్క కాగితం మీద, ఎవరో పుణ్యాత్మురాలి కారులో, నిద్రపోతూ దాటావు. ఆ తర్వాత ఆ పేరుతోనే పిలవాల్సి వచ్చింది. మొదట్లో పిలిచినప్పుడల్లా మీ అమ్మ ముఖం పక్కకు తిప్పుకునేది.

నీ తప్పేమీ లేదు. కానీ తెలిసి సంతకం పెడితే అది నీ తప్పవుతుంది, జన్మలో నీకు కాగితాలు రావంటారు. చిన్నప్పుడే చెప్పాల్సింది. నువ్వు ధైర్యంగా తిరుగుతుంటే చూసి చెప్పలేకపోయాను.

ఇక్కడి రికార్డులో నీ పేరు సెనోబియా. మా అమ్మ పేరు.

క్షమించమని అడగడానికి మొహం లేని,
నాన్న

డాల్టన్, ఆగస్టు 14

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం తొమ్మిదిన అందింది. మర్నాడు కాలేజీకి వెళ్ళాను.

"అసలుది తెచ్చావా?" అంది మిసెస్ హోల్కోమ్, పెన్ను నా వైపు జరుపుతూ. పెన్ను తీసుకున్నాను. నాన్నా, నిజం చెబుతున్నాను, తీసుకున్నాను. తర్వాత కింద పెట్టి, నకలు తిరిగిచ్చేయమన్నాను. ఆమె నన్ను చూసింది, నా వెనక వరుసలో నిలబడ్డవాళ్ళ వైపు చూసింది. "చాలామంది పిల్లలు ఇలాగే వెళ్ళిపోతున్నారమ్మా" అని మెల్లగా అని ఇచ్చేసింది. 

గురువారం నుంచి మిల్లుకు వెళ్తున్నాను. నువ్వు పనిచేసిన యంత్రాల వరుసలోనే. మేనేజరు గుర్తుపట్టి, "ఎలిహియో కూతురివా?" అన్నాడు. అవునన్నాను. ఆ ఒక్క మాట తడుముకోకుండా చెప్పగలిగాను.

మొన్న నాకు పదిహేడు నిండాయి. అత్తకు చెప్పలేదు. నీ మీద కోపం పోలేదు, పోతుందో లేదో తెలియదు. నువ్వు తిరిగి రాలేవనేది తలుచుకుంటే మాత్రం కోపం పట్టుకుని ఉండలేకపోతున్నాను. అక్క ఎక్కడుందో వెళ్ళి చూడు. ఆమె పేరు ఇన్నేళ్ళు నేను వాడుకున్నానని చెప్పు.

కింద ఏ పేరు రాయాలో తెలియక ఈ ఉత్తరం రాయడం రెండు రోజులు వాయిదా వేశాను.

ఇట్లు,
నీ కూతురు