డెబ్బై అయిదు నాటి పావలా

నవంబరు 9

ప్రియమైన అన్నేలి అక్కకి,

ఒక మనిషి వెతుకుతున్న వస్తువు లోకంలో అసలు పుట్టనే లేదని తెలిసినవాళ్ళు, ఆ మాట ఆ మనిషికి చెప్పాలా, చెప్పకూడదా? ఇరవై ఏళ్ళుగా ఈ ప్రశ్న నాతో ఉంది. నాన్న ఉన్నన్నాళ్ళూ జవాబు చెప్పుకోవలసింది ఆయనేనని ఊరుకున్నాను. ఆయన పోయాక అది మెల్లగా నా ఒళ్ళోకి వచ్చి కూర్చుంది. నువ్వు ఎక్కడో సస్కటూన్‌లో ఉన్నావు. నేను అమ్మకి రెండు వీధుల అవతల ఉన్నాను. ఇక ఎవరి ఒళ్ళో కూర్చుంటుంది?

మొన్న వంతెన మీద అమ్మ కారు జారింది. కంగారు పడకు, దెబ్బలేమీ తగలలేదు. మంచు పడుతుంటే నది దాటి మిషిగన్ వైపు బ్యాంకుకి వెళ్ళింది, పావలాల పొట్లాలు తెచ్చుకోవడానికి. తిరిగి వస్తుంటే కారు అడ్డంగా తిరిగి కటకటాలకి ఆనుకుని ఆగిందట. సరిహద్దు కచేరీ నుంచి ఫోను చేస్తే పరుగెత్తుకుంటూ వెళ్ళాను. అమ్మ అక్కడ బల్ల మీద కూర్చుని, ఒళ్ళో పొట్లాలు విప్పుకుని, ఒక్కొక్క నాణేన్నీ వెలుతురుకి పెట్టి చూస్తోంది. నన్ను చూసి తలెత్తి, "ఇందులోనూ లేదే" అంది. అక్కడి ఆఫీసరు కుర్రవాడు. ఏం పోయిందో అడగడానికి భయపడుతున్నట్టు నా మొహంలోకి చూశాడు.

నీకు తెలిసిందే మళ్ళీ రాస్తున్నాను. రాస్తే గాని నాకు ఆలోచన తెగదు. ఎస్కో పుట్టింది డెబ్బై అయిదులో, నదికి అవతల, అమ్మ పిన్నమ్మని చూడబోతే నొప్పులు ముందే వచ్చి. అందుకే వాడు తాను రెండు దేశాలవాడినని చెప్పుకునేవాడు. జబ్బుతో మంచం పట్టిన చలికాలంలో ఒక అట్ట తెచ్చుకుని, నాణేలు దాని మీద పెట్టి పెన్సిలుతో గుండ్రంగా గీసి, రెండు వరసల్లో రంధ్రాలు కోశాడు. పైన మన కెనడావి, కింద అమెరికావి. సెంటు, అయిదు, పది, పాతిక సెంట్ల పావలా. అన్నీ వాడు పుట్టిన ఏడాదివే కావాలి. కొంటే చెల్లదు, చిల్లరలోనే దొరకాలి, ఇది వాడి నియమం. పై వరస నిండింది. కింద మూడు నిండాయి. అమెరికా పావలా దొరకలేదు. "నేను వెతుకుతాలేరా, నువ్వు పడుకో" అంది అమ్మ. తొమ్మిదో ఏట వాడు వెళ్ళిపోయాడు. అమ్మ ఇంకా వెతుకుతూనే ఉంది.

ఆ పావలా లేదక్కా. అమెరికావాళ్ళు తమ రెండువందల ఏళ్ళ పండగ కోసం ఆ ఏడు వేసిన పావలాల మీద రెండు సంవత్సరాలు కలిపి 1776–1976 అని వేశారు. దానికి ముందు వేసినవాటి మీద డెబ్బై నాలుగే ఉంది. డెబ్బై అయిదు అని ఒక్క పావలా మీదా లేదు. ఎస్కో పోయిన కొత్తలో నాన్న ఊళ్ళో నాణేలు సేకరించేవాళ్ళ సంఘానికి వెళ్ళి, ఎలాగైనా ఒకటి సంపాదించి అమ్మ చిల్లరలో కలిపేద్దామనుకున్నాడు. అప్పుడు అక్కడ అమెరికా నాణేలు చూసే ఆర్విల్ ట్రాంటర్ ఆయనకి ఈ సంగతి చెప్పాడు. అమ్మకి చెప్పవద్దని నాన్న బతిమాలుకున్నాడు. చదువు ముగించుకుని ఇంటికి వచ్చిన ఏడు నేను పుస్తకంలో చూసి అడిగితే, నాన్న నన్ను గరాజులోకి తీసుకెళ్ళి, "మీ అమ్మకి వాడితో ఇంకా ఒక పని మిగిలి ఉంది, కిర్స్టీ. దాన్ని నువ్వు లాగేసుకోకు" అన్నాడు.

వంతెన మీద మంచు గడ్డ కట్టే రోజులు ఇంకా మొదలే కాలేదు. చెప్పెయ్యనా? నువ్వేమంటావు?

నీ చెల్లెలు,
కిర్స్టి

డిసెంబరు 15

అక్కా,

నీ ఉత్తరం అందింది. "కారు తాళాలు దాచు, నిజం కూడా దాచు" అని రాశావు. తాళాలు దాచాను. అమ్మ మరునాడు బస్సులో వెళ్ళింది.

మంగళవారం సంఘం సమావేశానికి నేనూ తోడు వెళ్ళాను. నువ్వు చూసి చాలా ఏళ్ళయింది గదా, అదే చర్చి కింది గది, అదే నీళ్ళ కాఫీ, ఏలకుల రొట్టె మాత్రం అమ్మది. తలుపు పక్కన కొత్తవాళ్ళ కోసం ఒక బల్ల. దాని వెనక రెండు కుర్చీలు. కెనడా ప్రశ్నలకి అమ్మ, అమెరికా ప్రశ్నలకి ఆర్విల్. ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే, ఇది ఎంత చేస్తుందని. ముందు వేలిముద్ర పడకుండా అంచు పట్టుకోవడం నేర్చుకోండి, ధర తర్వాత అడుగుదురు గాని అంటుంది అమ్మ. ఒకాయన తాతగారి వెండి డాలర్లని పళ్ళపొడితో తళతళా తోమి తెచ్చాడు. పాత నాణేన్ని తోమితే దాని ఒళ్ళూ విలువా పోతాయని ఆయనకి తెలియదు. అమ్మ ఒకటి తీసి చూసి, "మీ తాతగారి ఫొటో కూడా ఇలాగే తోమారా, నాయనా?" అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంకొకామెకి నాణెం తిప్పడం చూపించింది. మన నాణేన్ని పుస్తకంలో పేజీలాగా పక్కకి తిప్పాలి, అమెరికా నాణేన్ని తలకిందులుగా తిప్పాలి, అప్పుడే వెనక బొమ్మ నిటారుగా కనిపిస్తుంది.

"మీ అమెరికావాళ్ళకి తలకిందులు చేస్తే గాని ఏదీ నిలబడదు" అంది ఆర్విల్‌ని చూసి.

"నా మోకాలు చూసి మాట్లాడు ఇర్యా. దాన్ని ఎలా తిప్పినా నిలబడటం లేదు" అన్నాడు ఆయన.

అక్కా, ఆ బల్ల దగ్గర అమ్మ నవ్వుతుంది. ఇంట్లో నవ్వని నవ్వు.

తర్వాత అందరూ మార్పిడికి కూర్చుంటారు, నీ సెంటుకి నా సెంటు, నీ ఏడుకి నా ఏడు అనుకుంటూ. అప్పుడు అమ్మ ఒక్కొక్క బల్ల దగ్గరికీ వెళ్ళి అదే మాట అడుగుతుంది. చిల్లరలో ఏమైనా తగిలిందా, డెబ్బై అయిదు? ఈసారీ కనపడలేదమ్మా అంటారు. అమ్మ వస్తోందంటే అమెరికా నాణేల పుస్తకాలు సంచుల్లోకి వెళ్ళిపోతాయి. కొత్తగా ఎవరు చేరినా ఆర్విల్ వాళ్ళని కోట్లు తగిలించే గదిలోకి తీసుకెళ్ళి విషయం చెప్పి తీసుకొస్తాడు. సంఘానికి రాసుకున్న నియమాలు చాలా ఉన్నాయి, అన్నీ ఎవరో ఒకరు తప్పుతారు. రాసుకోని ఈ ఒక్కటి మాత్రం నలభై ఏళ్ళుగా ఎవరూ తప్పలేదు. పోట్లాడుకుని మాటలు మానేసినవాళ్ళు కూడా. బట్టలుతికే మిషన్ల షాపు ఇవానో అయితే మిషన్లలోంచి తీసిన పావలాలని పళ్ళెంలో పోసి, అమ్మ చూసేదాకా బ్యాంకుకి పంపడు. ఇంతమంది మంచివాళ్ళు కలిసి ఒక మనిషిని మోసం చేస్తున్నారు. ఏది మంచో ఏది మోసమో విడదీయబోతే నా చేతికి ఒకే ముద్దగా వస్తోంది.

నీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెప్తాను. నా చిన్నప్పుడు నాకెక్కడ అమెరికా పావలా దొరికినా గుప్పిట్లో పట్టుకుని అమ్మ దగ్గరికి పరుగెత్తేదాన్ని. అమ్మ ముందు దాని మీద సంవత్సరం చూసేది. తర్వాత నా మొహం చూసేది. ఆ రెండో చూపులో ఏముండేదో నీకు తెలియదు, నువ్వు అప్పటికే పెద్దదానివి, నీ స్నేహితులు నీకున్నారు. కోపం కాదు. నేను కూడా అది కాదన్న చూపు. నా పుట్టిన ఏడాది నాణేలు ఎవరూ వెతకలేదు. బతికున్నవాళ్ళకి అట్ట ఎందుకని నన్ను నేను సమాధానపెట్టుకున్నాను.

అందుకే నా భయం. చెప్పెయ్యాలని నాకు ఇంత తహతహ ఎందుకు? వంతెన మీద మంచుకి భయపడినందుకా? లేక అమ్మకి ఎస్కోతో మిగిలిన ఆ ఆఖరి పనిని కూడా లాగేసి, ఇకనైనా నన్ను చూడు అనడానికా? కాలేజీలో పిల్లలకి చరిత్ర చెప్తాను, మనుషులు ఏ పని ఎందుకు చేశారో గంటలకొద్దీ వివరిస్తాను. నా సంగతి వచ్చేసరికి ఒక్క కారణం కూడా నమ్మబుద్ధి కాదు.

అయినా నిశ్చయించుకున్నాను. పండగ వెళ్ళాక చెప్పేస్తాను. నన్ను తిట్టుకోకు.

నీ,
కిర్స్టి

ఫిబ్రవరి 12

అక్కా,

నేను చెప్పలేదు. జనవరి అంతా రేపు, ఎల్లుండి అంటూ గడిపాను. నా నోటి నుంచి రావలసిన మాట వేరే దారిన వచ్చింది.

నిన్న సమావేశానికి ఆర్విల్ రాలేదు. మోకాలికి ఆపరేషను. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. కోట్ల గదిలోకి తీసుకెళ్ళవలసిన మనిషి లేడన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. మిషిగన్‌లో మార్కెట్ అనే ఊరి నుంచి వచ్చిన ఒకావిడ, బెర్నడీన్ అట, రిటైరైన టీచరు, బల్ల దగ్గరికి వచ్చి చిన్న పెట్టె తెరిచింది. నేను అమ్మ వెనకే కాఫీ పోస్తున్నాను.

"నేను ఈ మధ్యే మొదలుపెట్టానండీ, తెలివితక్కువ ప్రశ్నయితే ఏమనుకోకండి" అంది. "మా అమ్మాయికి ఈ ఏడు యాభై నిండుతాయి. దాని పుట్టిన ఏడాది నాణేలు ఇద్దామని. సెంటు, అయిదు, పది దొరికాయి. పావలా ఆ ఏడు పేరు మీద వెయ్యనే లేదని చదివాను. మరయితే నాది పూర్తయినట్టేనా, ఇంకా ఏమైనా వెతకాలా?"

గదిలో మాటలు ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగిపోయాయి. ఇవానో లేచి సగం దూరం వచ్చి, ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

"ఎక్కడ చదివారు?" అంది అమ్మ.

ఆవిడ సంచిలోంచి పుస్తకం తీసి పేజీ తెరిచి పెట్టింది. అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని వరస వెంట వేలు నడిపింది. డెబ్బై నాలుగు. దాని కింద 1776–1976. దాని కింద డెబ్బై ఏడు. వేలు మళ్ళీ పైకి వెళ్ళి మళ్ళీ కిందికి వచ్చింది. తర్వాత అమ్మ తలెత్తి గదంతా చూసింది. ఒక్కరూ ఆ పుస్తకం వైపు తొంగి చూడలేదు, ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. అమ్మకి ఆ క్షణంలోనే అంతా తెలిసిపోయి ఉండాలి.

నేను కుర్చీ పట్టుకున్నాను, పడిపోతుందేమోనని. అమ్మ పడలేదు. అడిగిన మనిషికి జవాబు చెప్పాలి గదా, ఆ కుర్చీలో కూర్చున్నాక. బెర్నడీన్ పెట్టెలోంచి పది సెంట్ల నాణేన్ని అంచు పట్టుకుని తీసి, తలకిందులుగా తిప్పి చూసి, మళ్ళీ గూట్లో పెట్టింది.

"పూర్తయిందమ్మా" అంది. "ఆ ఏడాదికి ఉన్నవి ఇవే. ఇంకేం వెతకక్కర్లేదు."

అమ్మని కారులో ఎక్కించుకుని బయల్దేరాను. నేను ఏడుపు కోసం ఎదురుచూస్తున్నాను. మా వీధి మలుపు దగ్గర అమ్మ అద్దం వైపు తిరిగి, నాతో కాదన్నట్టు అంది: "అయితే ఎస్కో అంతా నింపేసే వెళ్ళాడన్నమాట."

అక్కా, నలభై ఏళ్ళుగా అది లేదు, లేదు అని మాత్రమే మనం అనుకున్నాం. అది లేదు అంటే, వాడిది పూర్తయిందని కూడా అర్థమే గదా. నాన్నకి తట్టలేదు. ఆర్విల్‌కి తట్టలేదు. నాకు తట్టలేదు.

కిర్స్టి

మార్చి 23

అక్కా,

నువ్వు ఫోను చేస్తే అమ్మ బాగున్నానని పెట్టేసిందని రాశావు. ఎలా ఉందో నాకు తోచినట్టు చెప్తాను.

మొదటి వారం అమ్మ మొహంలో నేను ఎన్నడూ చూడని తేలిక ఉంది. అట్టని హాలులో గోడకి పెట్టింది. వచ్చిన పొరుగువాళ్ళకి మా అబ్బాయి చేసింది, ఒక్కటీ తప్పిపోలేదు అని చూపించింది. ఖాళీ రంధ్రం గురించి అడిగితే, అది తెలియక కోశాడులెండి, చిన్నపిల్లవాడు అంది. ఆ మాట విన్నప్పుడు ఎస్కో నిజంగా చిన్నపిల్లవాడిగా నా కళ్ళ ముందుకు వచ్చాడు. నాకన్నా పెద్దవాడు గదా, అన్నయ్య గానే తలుచుకునేదాన్ని ఇన్నాళ్ళూ.

రెండో వారం కోపం వచ్చింది. ఆర్విల్ చంకకర్రల మీద అంత దూరం వచ్చి, నాన్న అడిగితేనే దాచామని చెప్పి క్షమించమన్నాడు. అమ్మ కూర్చోమంది గాని కాఫీ పెట్టలేదు. మన ఇంట్లో కాఫీ పెట్టకపోవడమంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. ఆయన వెళ్ళాక నాతో అంది. "నా కొడుకు పని సగంలో వదిలేసి పోయాడని నలభై ఏళ్ళు ఏడ్చాను. వాడు వదల్లేదు. ఆ మాట నా దగ్గర దాచడానికి మీ నాన్న ఎవరే?"

తర్వాత అడిగింది. "నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"అన్నేలికి?"

"అక్కకీ తెలుసు."

సరే అంది. తిట్టలేదు. గిన్నెలు తుడుచుకుంటూ ఉండిపోయింది. తిడితే బాగుండును అనిపించింది.

ఇప్పుడు వంతెన దాటడం లేదు. ఇవానో పళ్ళెం పోసి ఉంచితే వెళ్ళలేదు. ఈ నెల సంఘం సమావేశానికీ వెళ్ళలేదు. అంగట్లో చిల్లర ఇస్తే చూడకుండా సంచిలో వేసుకుంటుంది. పొద్దున నేను వెళ్ళేసరికి ఇంకా మంచం మీదే ఉంటోంది. లేవమ్మా అంటే, లేచి ఏం చెయ్యాలే అంటుంది. మామూలుగానే అంటుంది, బాధ ఏమీ లేకుండా. అందుకే నాకు భయం. నేను కోరుకున్నదంతా జరిగింది. కారు జారదు. అమ్మ నా మొహం వైపే చూస్తుంది, ముందు నా మొహమే. ఆ చూపు ఎదురుగా నిలబడలేక కిటికీ తెరలు సర్దుతున్నాను.

నిన్న అడిగింది, "మీ నాన్న నన్ను కాపాడాడంటావా, మోసం చేశాడంటావా? చదువుకున్నదానివి, చెప్పు."

చరిత్ర చెప్పేదాన్ని గదా, ఇంటికి వచ్చి కాగితం తీసుకున్నాను. ఎస్కో పోయిన ఏడే నాన్న చెప్పి ఉంటే, వాడు పూర్తి చేసే వెళ్ళాడన్న ఊరట అమ్మకి అప్పుడే దక్కేది. కాని ఆ ఊరటతో ఆ చలికాలం దాటేదా? వెతుకులాటే కదా అమ్మని పొద్దున్నే లేపి పనికి పంపింది, మనకి వండి పెట్టించింది. ఆ వెతుకులాటే అమ్మని మన దగ్గర లేకుండా చేసిందని కూడా అంతే గట్టిగా అనగలను. రెండూ రాసి చూసుకున్నాను. రెండూ నిజంగానే కనిపిస్తున్నాయి.

అమ్మ జవాబు కోసం అడుగుతోంది, అక్కా. ఇవాళ మళ్ళీ అడుగుతుంది. నాన్న చేసింది దయో ద్రోహమో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నీ,
కిర్స్టి