మేనేజర్‌కు దారిచ్చిన డిఫెండర్

సులై, గల్ఫ్ లేబర్ క్యాంపు, 2006, శుక్రవారం

మా వర్క్‌షాపు వాళ్లం ఆఫీసు టీమ్ చేతిలో మళ్లీ ఓడిపోయాం. మూడు గోల్సూ వాళ్ల వైపు ఆడిన మా మేనేజరే, మేం ముదీర్ అని పిలిచే ఆయనే కొట్టాడు. మూడుసార్లూ మా డిఫెండర్ రాజేశం పక్కనుంచే వెళ్లాడు. పక్క క్యాంపు వాళ్లతో ఆడినప్పుడు ఒక్కణ్ణీ దాటనివ్వని మనిషి, ఈ రోజు కాలు వెనక్కి లాక్కుంటూనే ఉన్నాడు. డిఫెండర్‌గా పెట్టుకున్నది దారి ఇవ్వడానికా? ఒళ్లు మండిపోయింది.

ఆట అయ్యాక అందరి ముందూ అడిగేశాను. "బంతితో మీదికొస్తుంటే పక్కకు జరుగుతావేంరా?"

రాజేశం బూట్లు విప్పుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు. "వచ్చేటోడు ముదీర్ అన్నా. నా ఛుట్టీ కాయితం ఆయన టేబుల్ మీదనే ఉంది. బిడ్డ పుట్టి ఏడాదాయె, ఇంకా మొఖం చూడలే. కాలు అడ్డం పెట్టి పడగొడితే రేపు సంతకం పెడ్తడా?"

"ఆటలో అవన్నీ పట్టించుకోడురా."

"గట్లని నువ్వు చెప్తున్నవ్. ఆయన చెప్పలే."

గదికి వచ్చినా కోపం తగ్గలేదు. వచ్చే వారం ఇతన్ని తీసేయాల్సిందే అనుకున్నాను. బదులు ఎవరిని పెట్టాలా అని వర్క్‌షాపులో ఒక్కొక్కరినే తలుచుకున్నాను. ఇంటికి వెళ్లడానికి ఆ సంతకం అక్కర్లేనివాడు ఒక్కడూ తగల్లేదు. పోనీ నేనే డిఫెన్స్‌లో నిలబడదామంటే, రంజాన్‌కి నా సెలవు కాగితం కూడా ఆ టేబుల్ మీదికే వెళ్లాలి.