పొయ్యికి బిగించిన పెట్టె

2025 జూన్ 9

వడమాలపేటలో ఇంటింటికీ పొగ తగ్గించే కట్టెల పొయ్యి ఇస్తున్నారు. గవర్నమెంటు పథకం. దేశంలో కార్బన్ తగ్గాలట. ఊరికే ఇస్తారా ఎవరైనా?

పొయ్యి తెచ్చిన పథకం ఆఫీసు కుర్రాడు రూపేష్ దాని కింద చిన్న పెట్టె బిగించాడు. పొయ్యి వెలిగినప్పుడల్లా అది ఆఫీసుకు లెక్క పంపుతుందట. రోజుకు రెండుసార్లు వెలగకపోతే వచ్చి మా మట్టిపొయ్యి పగలగొట్టేస్తామన్నాడు. బతికుండే కొంపలో పొయ్యి కొడతారంటరా అబ్బా అని మా అత్త ఆదిలక్ష్మమ్మ వాడి మీదికి లేచింది.

నేను సంతకం పెట్టేశాను. నా కూతురు లోహితకు ఆరేళ్లు. పొగ తగిలితే చాలు, పిల్లికూతలు. నాకు దాని ఊపిరే ముఖ్యం.

జూన్ 20

నేను పొద్దున్నే కుట్టు షాపుకు పోతాను, వంటంతా అత్తదే. వచ్చేసరికి మట్టిపొయ్యి అలికి ముగ్గేసి ఉంటుంది. కొత్తదాని మీదే చేసినా అంటుంది. నమ్మాను.

జూలై 3

పాపకు తగ్గకపోగా ఎక్కువైంది. రూపేష్‌కు ఫోన్ చేస్తే మీ రీడింగ్ సూపర్ మేడమ్ అన్నాడు. అబద్ధం పెట్టెదా, వీడిదా?

జూలై 8

నెలకు సరిపోయే కట్టెలు పదిహేను రోజులకే అయిపోయాయి. నా అనుమానం పక్కింటి మునిలక్ష్మి మీదే. ఇవాళ మొహం మీదే అడిగేశాను. నీ కట్టెలు నాకెందుకు, మీ ఇంట్లో రెండు పొగలు లేస్తాండాయి, ముందు అది సూసుకోపో అంది.

రెండా?

జూలై 9, మధ్యాహ్నం 12

చెప్పకుండా ఇంటికొచ్చాను. వసారాలో కొత్త పొయ్యి భగభగ మండుతోంది. మీద గిన్నె లేదు. లోపల అత్త మట్టిపొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. బడికి పోలేని లోహిత ఆ పొగలోనే పడుకుని ఉంది.

అరిచాను. ఆ పొయ్యి మీద తెడ్డేసి కెలికితే ఊగతాది, సంగటి యాడ కుదురుతాది అంది అత్త. పెట్టెకు లెక్క కావాల గదా, దానికే ఊరికే మండిస్తాండా, లేకుంటే వాడొచ్చి నా పొయ్యి కొట్టేస్తాడు అంది.

ఏం మనుషులం మేం! మునిలక్ష్మికి మొహమెలా చూపించను?

జూలై 14

లోహితకు పుత్తూరులో నెబులైజర్ పెట్టించి తీసుకొచ్చాను. దారిలో ఉండగా రూపేష్ మెసేజ్. కొత్త పొయ్యి వాడకంలో మండలంలో మేమే ఫస్టట. తిరుపతిలో సర్టిఫికెట్ ఇస్తారట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

జూలై 15

పొద్దున గడ్డపార తీసి మట్టిపొయ్యి నేనే కూల్చాను. అత్త అడ్డం రాలేదు. లోహితను ఒళ్లో పెట్టుకుని, ఇంక నేను యాడ కూసోవాల అమ్మే అని అడిగింది.

నేను మట్టి ఎత్తిపోస్తూనే ఉన్నాను.