వానకు గట్టిపడే బ్రేకు

నేను, గుండేటి జనార్దన్, తండ్రి పేరు కీర్తిశేషులు లింగయ్య, వయసు యాభై నాలుగు, పుట్టింది కరీంనగర్, ప్రస్తుత నివాసం ఆక్లాండ్ నగరంలోని శాండ్రింగ్‌హామ్, వృత్తి టర్బో కార్ల ఇంజన్ కంప్యూటర్ల ట్యూనింగ్, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివితో, నా సొంత దస్తూరీతో ఈ వీలునామా రాస్తున్నాను. వచ్చే గురువారం పొద్దున నా గుండెకు బైపాస్ ఆపరేషన్. మతి సరిగ్గనే ఉన్నది. భయం మాత్రం చాలా ఉన్నది. భయపడుకుంట రాసిన వీలునామా చెల్లుతదా అని లాయరమ్మను అడిగిన. భయం లేనోళ్లు నా దగ్గరికి రానే రారు అన్నది.

తెలుగులోనే ఎందుకు రాస్తున్న అంటే, ఇంగ్లీషుల నేను అబద్ధాలు మంచిగ ఆడుత. పద్దెనిమిదేండ్ల సంది కస్టమర్లతోటి అదే భాషల ఆడిన. వర్షిణీ, నా బిడ్డా, నీకు తెలుగు వింటే అర్థమైతది, చదవరాదు. మీ కిషన్ మామ చదివి వినిపిస్తడు. ఏడో నంబరు దగ్గర ఆయన గొంతు సవరించుకుంటడు, పేజీ తిప్పబోతడు. తిప్పనియ్యకు.

1. ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు. నా భార్య అమృత చనిపోయిన ఏడాది నేను రాసింది ఒకటి బీరువాల ఉన్నది. అందుల నా కోపం తప్ప ఏమీ లేదు. చింపేయండి.

2. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత నా భార్య తమ్ముడు, ఆల్బనీలో ఉంటున్న కిషన్‌రావుకు అప్పగిస్తున్నాను. కిషన్, పదకొండేండ్ల కింద నీ గృహప్రవేశంల పదిమంది ముందర మా బావ మెకానిక్ అని నవ్వినవ్. ఆ రోజు సంది నీ ఇంట్ల నేను ముద్ద ముట్టలే. కడుపునొప్పి, షుగరు, ఉపవాసం, ఎన్ని సాకులు చెప్పిన్నో నాకే యాద్ లేదు. కానీ అమృత ఆస్పత్రిల ఉన్న మూడు నెలలు, ఆఫీసు అయిపోంగనే బ్రిడ్జి దాటుకొని రోజూ వచ్చినవ్. ఒక్కరోజు తప్పలే, ఒక్కరికి చెప్పుకోలే. నిన్ను చూస్తే నాకు ఇప్పటికీ మంట. అయినా ఈ పని నీకు తప్ప ఎవరికియ్యాలె?

3. శాండ్రింగ్‌హామ్ ఇల్లు, అందులోని సామాను, బ్యాంకులో నా పేరు మీద ఉన్నది, సమస్త స్థిరచరాస్తులు నా కుమార్తె వర్షిణికి సర్వహక్కులతో చెందుతాయి. వెనక బెడ్రూం గోడకు తేమ ఎన్నిసార్లు రంగేసినా పోదు. చలికాలం డీహ్యూమిడిఫయర్ బందు పెట్టకు, నీకు దగ్గు తొందరగా వస్తది.

4. మా నాయన లింగయ్య కరీంనగర్‌ల డీజిల్ పంపులు బాగుచేసేటప్పుడు వాడిన పొడుగు స్క్రూడ్రైవర్, నేను వాడే హెడ్‌ఫోన్స్, రెండూ వర్షిణికే. మా నాయన స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనిచ్చి, పిడి చెవికి పెట్టుకొని లోపల ఏం బాధ ఉన్నదో చెప్పేటోడు. నేను అదే పని హెడ్‌ఫోన్స్‌తోటి చేస్త. ఇంజన్‌ల పెట్రోలు తప్పు గడియల అంటుకుంటే పుట్నాలు వేగినట్టు చిటపటమంటది. ఆ చప్పుడు వినంగనే ఆపాలె. నీకు ఆరేండ్లప్పుడు షెడ్డుల అవి చెవులకు పెట్టుకొనే నిద్రపోయేదానివి. నేను ఇంజన్ ఆపి, నువ్వు లేచేదాకా కూర్చునేటోన్ని. ఆ సంగతి నీకు ఎన్నడు చెప్పలే.

5. మౌంట్ రాస్కిల్ షెడ్డులోని రోలర్ల మిషను, అంటే బండిని కట్టేసి ఉన్నచోటనే ఉరికిచ్చి బలం కొలిచేది, ఎదురు షెడ్డు కివీకి, అంటే ఈ దేశపోనికి, ఇవ్వవలెను. అవును, వానికే. 2003ల నా కస్టమర్ బండి నుంచి నా మ్యాపు కాపీ కొట్టి వాని స్టిక్కర్ అతికించుకున్నడు. మ్యాపు అంటే ఏందో తెల్వనోళ్లకు చెప్తున్న. బండితోటి వచ్చిన కంప్యూటర్ తీసేసి మేము వేరేది బిగిస్తం. ఏ స్పీడుల ఎంత పెట్రోలు, నిప్పురవ్వ ఎప్పుడు, టర్బో ఎంత గాలి తొయ్యాలె అని వందల గడులు చేత్తోటి నింపుతం. ఆ గడుల పట్టికే మ్యాపు. దొంగతనం చేసిండు గానీ ఈ ఊర్ల ఇంజన్ మాట వినేటోడు నేను పోతే వాడొక్కడే. నా శాపనార్థాలు అన్నీ వాపసు తీసుకున్న అని చెప్పండి.

6. ఆ కాపీ తర్వాత నేను ప్రతి కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ వేసి తాళం పెట్టిన. నలభై ఒక్క బండ్లు ఇవాళ రోడ్డు మీద నా తాళం తోటి తిరుగుతున్నయి. నేను లేకుంటే వాటిల ఒక్క గడి కూడా ఎవరూ మార్చలేరు. నీలం డైరీల అందరి పేర్లు, పాస్‌వర్డులు ఉన్నయి. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకు ఇచ్చేయవలెను. నా పనితనానికి తాళం అనుకున్న. గర్వానికి వేసుకున్న.

7. సిల్వర్ రంగు టర్బో వ్యాగన్, అంటే వెనక డిక్కీ పొడుగున్న కారు, విషయము. ఈ క్లాజు మూడుసార్లు రాసి చింపిన.

ఈ బండిని మొన్న ఫిబ్రవరిల బోటనీ డౌన్స్‌ల ఉండే వినీత్, శ్రీవల్లి అనే దంపతులకు అమ్మిన. వినీత్ ఇక్కడికి చదువుకోనీకి వచ్చి సెటిల్ అయిన పిలగాడు. వాళ్ల కొడుకు బంటికి నాలుగేండ్లు. మా బిడ్డ లెక్క చూసుకున్న బండి అని చెప్పి అమ్మిన.

ఆ బండి కంప్యూటర్‌ల నేను రేసు బండ్లకు పెట్టే పని ఒకటి పెట్టిన. యాక్సిలరేటర్ మీదికెళ్లి కాలు తీసినా ఇంజన్‌లకు గాలి పోతనే ఉంటది, టర్బో తిరుగుతనే ఉంటది, మళ్ల తొక్కంగనే బండి దుంకుతది. దాంతోటి ఒక ప్రాణగండం ఉన్నది. బ్రేకు పెడల్‌ను మెత్తగ ఉంచేది ఇంజన్ గుంజే గాలి. ఈ పని నడిచేటప్పుడు ఆ గుంజుడు ఉండదు. ఒకటి రెండుసార్లు తొక్కితే బ్రేకు పడతది. మూడోసారి పెడల్ బండరాయి అయితది. అందుకే స్టీరింగ్ కింద ఒక స్విచ్ పెట్టుకొని, రోడ్డు మీద బందు చేసి ఉంచేటోన్ని.

అమ్మే ముందు ఆ స్విచ్ పీకేసి, రెండు వైర్లకు టేపు చుట్టి కార్పెట్ కిందికి తోసిన. కంప్యూటర్ లోపల ఉన్నదాన్ని మాత్రం తీయలే. తీసుడు పది నిమిషాల పని. కానీ ఆ మ్యాపు అమృత ఆస్పత్రిల ఉన్న చలికాలం రాసింది. ఆమెను చూసొచ్చి, ఇంటికి పోబుద్ధి కాక, షెడ్డుల కూర్చొని ఒక్కొక్క గడి నింపిన. అందుల ఏది చెరిపినా ఆమెనే చెరిపినట్టు అనిపిచ్చింది. ఇది పిచ్చితనం, ఒప్పుకుంటున్న. బండి తళతళ కడిగి తాళాలు చేతిల పెట్టిన.

టేపు తడిస్తే ఆ వైర్లు కలుస్తయి, స్విచ్ వేసినట్టే అయితది. డ్రైవర్ వైపు తలుపు రబ్బరు వానకు కారుతదని కూడా నాకు ఎరుకే.

మూడు వారాల కింద ఇక్కడ ఇండియన్ షాపుల శ్రీవల్లి కనబడ్డది. ఒక చేతిల కరివేపాకు, ఒక చేతిల బంటి. అంకుల్, వాన పడ్డరోజు దిగుడు రోడ్ల మీద బ్రేకు గట్టిగ అనిపిస్తున్నది, ఎండ రోజు బాగనే ఉంటున్నది అన్నది. టైర్లు అరిగినయేమో చూపియ్యి బిడ్డా అన్న. నవ్వుకుంట అన్న. పిలగాని చేతిల చాక్లెట్ పెట్టిన.

ఆ రోజు సంది నాకు వాన అంటే దడ. ఆక్లాండ్‌ల ఆగస్టు నెలల వాన పడని రోజేది? రేకుల మీద చప్పుడు మొదలు కాంగనే టీవీల వార్తలు పెడత. యాక్సిడెంట్ అంటే చాలు సౌండ్ తగ్గిస్త, వ్యాగన్ అనే మాట వస్తదేమోనని. ఫోన్ మోగితే చెయ్యి పోదు. బీపీ ఎందుకు దిగుతలేదని డాక్టర్ అడిగితే ఆపరేషన్ భయం అన్న. ఆపరేషన్ నన్నొక్కన్నే చంపుతది.

ఫ్రీగ సర్వీసు చేస్త, బండి తీసుకరా అని వినీత్‌కు రెండుసార్లు ఫోన్ చేసిన. రెండు షిఫ్టులు చేస్తున్న అంకుల్, వినాయక చవితి అయినంక తెస్త అన్నడు. అసలు సంగతి చెప్తే గంటల తెచ్చేటోడు. చెప్పలే. ఆ మార్పులకు చట్టం అడిగే సర్టిఫికెట్ లేకుండ బండి అమ్మిన. పోలీసులు, షెడ్డుకు తాళం, మనోళ్లల్ల పరువు, అన్నీ కండ్ల ముందర తిరిగినయి.

కావున నా మరణానంతరం తక్షణమే నా నల్ల లాప్‌టాప్, దాని కేబుల్ శ్రీవల్లికి అందజేయవలెను. ఆ బండి కంప్యూటర్ పాస్‌వర్డ్ అమృత పేరు, పక్కన ఆమె ఈ దేశంలో దిగిన తేదీ. అది వర్షిణికి తెలుసు. ఎదురు షెడ్డు కివీ చేత ఆ పని తీయించి, వైర్లు కోయించవలెను. ఒకవేళ నేను బతికితే, ఈ కాయితం పొయ్యిల పెట్టి, సర్వీసు అని బండి తెప్పిచ్చి, ఎవ్వరికీ తెల్వకుండ నేనే తీసేస్త.

(ఏడో క్లాజు మొత్తం ఒక్క గీతతో కొట్టివేయబడినది. కింది అక్షరాలు కనబడేటట్టే కొట్టిన. ఎందుకో తొమ్మిదో నంబరుల ఉన్నది. జ.)

8. నా దహనానికి కుర్రాళ్లు టర్బో బండ్లు వేసుకొని ఊరేగింపు లెక్క రావద్దు. వస్తరు, నాకు తెలుసు. వస్తే మెల్లగ రండి, సీటు బెల్టు పెట్టుకోండి.

9. ఇది అదే రోజు మధ్యాహ్నం, వేరే పెన్నుతో రాస్తున్నది.

సాక్షులు ఇద్దరు కావాలె. ఒకరు పక్కింటి అప్పారావు గారు. రెండో మనిషిని నేను చూసుకొస్తానండీ, మీరు మంచం దిగకండి అని పోయి, పావుగంటల తిరిగొచ్చిండు. ఆయన వెనక తడిసిన గొడుగు ముడుచుకుంట శ్రీవల్లి. నాకు ఆపరేషన్ అని ఎవరో చెప్తే పప్పుచారు, మెత్తటి అన్నం డబ్బాల పెట్టుకొని బోటనీ నుంచి వచ్చింది. ఆ బండిలనే. ఈ వానలనే. బంటిని వెనక కూర్చోబెట్టుకొని. వాకిట్ల అప్పారావు గారు ఆపి సాక్షి సంతకం అడిగితే, దానికేముంది అంకుల్ అనుకుంట నా మంచం దగ్గరికొచ్చి పెన్ను పట్టుకున్నది.

లాయరమ్మ గట్టిగ చెప్పిన మాట ఒకటుంది. సాక్షిగ సంతకం పెట్టినోళ్లకు ఆ వీలునామాల ఏమిచ్చినా చెల్లదు. శ్రీవల్లి సంతకం పెడితే ఏడో క్లాజు గాలికి పోతది. నువ్వొద్దు బిడ్డా, ఇంకొకరిని పిలుస్త అంటే అయిపోయేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. అప్పుడు ఆమె వానలనే బండెక్కి మళ్ల బోటనీకి పోయేది. చచ్చినంక మంచోన్ని అయితందుకు ఇంకా నాలుగు రోజులు ఆగేటోన్ని.

కాయితం ఆమె చేతిల పెట్టి ఏడోది చదవమన్న. సాక్షులు చదవక్కర్లేదండీ అన్నడు అప్పారావు గారు. చదవమన్న. ఆమె చదువుతుంటే నేను బంటిని చూసుకుంట కూర్చున్న. కిటికీ అద్దం మీద వేలితోటి కారు బొమ్మ గీస్తున్నడు.

బండి తాళం ఇప్పుడు నా దిండు కింద ఉన్నది. పాస్‌వర్డ్ నా నోటితోనే చెప్పిన. రేపు పొద్దున ట్రక్కు వచ్చి బండిని ఎక్కించుకొని ఎదురు షెడ్డుకు తీసుకపోతది. వాళ్లిద్దరినీ అప్పారావు గారు తన కారుల దింపి వస్తడు. చెప్తే గుండె తేలికైతదనుకున్న. కాలే. ఆమె నా దిక్కు చూడకుండనే పెన్ను మళ్ల పట్టుకున్నది.

పైన రాసినదంతా నా ఇష్టపూర్వకముగా రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట, ముగ్గురమూ ఒకే గదిలో ఉండగా సంతకం చేసినాను.

ఆదివారం, 10 ఆగస్టు 2008
శాండ్రింగ్‌హామ్, ఆక్లాండ్

(సంతకం) గుండేటి జనార్దన్

మొదటి సాక్షి: అప్పారావు, రిటైర్డ్ ఉద్యోగి, శాండ్రింగ్‌హామ్. జనార్దన్ గారు నా కళ్ల ముందే సంతకం చేశారు. మనిషి తెలివిగానే ఉన్నారు.

రెండో సాక్షి: శ్రీవల్లి, వృద్ధుల హోమ్‌లో ఉద్యోగిని, బోటనీ డౌన్స్. మొత్తం చదివే సంతకం పెట్టిన. అంకుల్, మీరు చెప్పిన తెల్లారే నాలుగు టైర్లు కొత్తవి వేయించినం.