దిగడంలో తొందర

బుడ్డమ్మా,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమమే. ఆ మాటని నువ్వు కాస్త తగ్గించి చదువుకో. నీ ఉత్తరం సోమవారం అందింది. గుడారం కారుతోందనీ, సర్వే జీపు వారానికి ఒక్కసారే కొండ దిగుతోందనీ రాశావు. ఆ నీలం స్వెట్టరు చొక్కా లోపల వేసుకో. పైన వేసుకుంటే తడుస్తుంది, తడిస్తే ఆ చలిలో ఆరి చావదు.

ఫోన్లో చెప్పొచ్చు కదా, ఇంత ఉత్తరం ఎందుకంటావేమో. ఉన్నవి రెండు గదులు. ఏ గదిలో మాట్లాడినా మీ నాన్నకి వినిపిస్తుంది. ఆయనకి మాట పోయింది గాని చెవులు పోలేదు. అందుకని ప్రెస్సులో మధ్యాహ్నం విరామంలో, ప్రూఫు కాగితాలు పక్కకి నెట్టి రాస్తున్నాను. నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెప్తాను. ఆఖరున అడిగినది ఆఖరుకే ఉంచుతాను, తొందరపెట్టకు.

కాలు నయం. కర్ర పట్టుకుని బాత్రూము దాకా తనే వెళ్తున్నారు. కుడి చెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టుకున్న పరాయి వస్తువులా ఉంది. మూతి వంకర పూర్తిగా పోయింది. గెడ్డం నేనే గీస్తున్నాను. మొదటి వారం రెండుచోట్ల కోశాను, ఇప్పుడు చెయ్యి తిరిగింది.

ఇక మాట సంగతి. నువ్వు పది రోజులుండి వెళ్ళేనాటికి అవునూ కాదూ కూడా లేవు కదా. ఇప్పుడు మాటలొచ్చాయి. కాకపోతే అవి ఆయనవి కావు. సినిమావి.

నువ్వెళ్ళిన మూడో వారం పొద్దున్నే పాలలో రొట్టె నానబెట్టి చెంచాతో నోటి దగ్గర పెట్టాను. మొహం తిప్పేసుకుని, గంట కొట్టినట్టు స్పష్టంగా, "మహారాజుకి ఆకలి వెయ్యదు. వంటవాడి మీద జాలేస్తుంది, అంతే!" అన్నారు. చెంచా కింద పడేశాను. నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. "ఏదీ, నన్ను పేరుపెట్టి పిలవండి" అన్నాను. నోరు తెరిచారు. మెడ నరాలు ఉబ్బాయి. ఏమీ రాలేదు.

ఆసుపత్రిలో మాటలు నేర్పే అమ్మాయి ఉంది, నీ ఈడుదే. ఆ పిల్ల ఇలా చెప్పింది: "ఆంటీ, మనం మామూలుగా మాట్లాడేది అప్పటికప్పుడు కుట్టుకునే బట్టలాంటిది. వెయ్యిసార్లు పలికిన పాటలూ డైలాగులూ ఏమో రెడీమేడ్. అంకుల్‌కి కుట్టుమిషను పాడైంది. బీరువా బాగానే ఉంది. అందులో ఏమేం ఉన్నాయో నాకు రాసి తెస్తారా?"

సిగ్గేసింది. ఆ బీరువాలో ఏముందో ఈ ఊరంతటికీ తెలుసు, నాకే తెలియదు.

ఆ 'మూడో అంతస్తు మహారాజు' సినిమా అంటే నాకు మొదటినుంచీ మంటే, నీకు తెలియంది కాదు. మీ నాన్న లిఫ్టుల కంపెనీలో పని నేర్చుకుంటున్న రోజుల్లో వచ్చింది. తొమ్మిది రోజులాడి ఎత్తేశారు. ఆ తొమ్మిది రోజుల్లో ఆయన ఏడుసార్లు చూశారు. ఖాళీ హాల్లో రోజూ వచ్చే మొహాలే మరో మూడు కనిపించేవట. అలా కలిసినవాళ్ళే పళ్ళ డాక్టరూ, పోస్టుమాస్టరూ, మీ బొంగురు మావయ్యా. తర్వాత క్యాసెట్లొచ్చాయి, టీవీలో వేశారు, ఇప్పుడు ఆ సినిమా వచ్చేనాటికి పుట్టని పిల్లలు కూడా ఆ మాటలు చొక్కాల మీద అచ్చేయించుకుని తిరుగుతున్నారు. అద్దె ఇంట్లో ఉంటూ సింహాసనం మీద ఉన్నట్టు మాట్లాడే ఆ బికారి మీద మనుషులకి అంత ప్రేమ ఎందుకో నాకు అంతుపట్టేది కాదు.

నాకు కావలసింది అడిగినదానికి జవాబు. పాత ప్రెస్సు మూతపడి నా ఉద్యోగం పోయిననాడు, ఇక ఎలాగండీ అని అడిగితే, "రాణీగారూ, యుద్ధం రేపు పెట్టుకుందాం" అన్నారు. నువ్వు పకపకా నవ్వావు. మీరిద్దరూ ఒక జట్టు, నేను బయటిదాన్ని. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో ఆ సినిమా మొదలైతే చాలు, లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయేదాన్ని.

ఇప్పుడు ఆయన పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూశాను, నోట్‌బుక్కు ఒళ్ళో పెట్టుకుని. నలభై ఒక్క డైలాగులు తేలాయి. వాటితోనే సంసారం నడుపుతున్నాం. ఎవరైనా తలుపు కొడితే, "నేను లేనని చెప్పడానికీ నేనే రావాలా?" బాత్రూముకి వెళ్ళాలంటే, "సభ ముగిసింది, కుర్చీ మాత్రం ఉంచండి." ఏ మాటకి ఏ అర్థమో మొహం చూసి పట్టుకుంటున్నాను. నవ్వొస్తుంది కూడా. నిన్న బిల్లు కలెక్టరు వస్తే లేనని చెప్పారు, అతను నమ్మినట్టే తల ఊపి వెళ్ళిపోయాడు. అతనూ ఆ సినిమా పిచ్చివాడేనట.

నాన్న స్నేహితులు వస్తున్నారా అని అడిగావు. రాకపోవడమా! సినిమా విడుదలైన రోజున ఏటా పాత హాల్లో పొద్దుటి ఆట వేయించుకుంటారు కదా. మొన్న ఆదివారం వేశారు. పళ్ళ డాక్టరూ, బొంగురు మావయ్యా మీ నాన్నని చక్రాల కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కించారు. ఎప్పుడూ రానిదాన్ని నేనూ వెళ్ళాను. హాలు నిండిపోయింది. దీపాలారగానే తెర మీద మనిషి నోరు విప్పేలోపే మూడువందలమంది ఆ మాట అనేస్తున్నారు. వాళ్ళతో పాటు మీ నాన్నా! తడబాటు లేదు, ఆగడం లేదు. ఆ చీకట్లో ఎవరు జబ్బుమనిషో ఎవరూ చెప్పలేరు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

తర్వాత మెట్ల సీను వచ్చింది. మహారాజు మూడో అంతస్తు నుంచి దొర్లుకుంటూ కిందికొచ్చి పడి, చుట్టూ చేరినవాళ్ళని చూసి, "పడటం కాదిది, దిగడంలో తొందర!" అంటాడు. హాలు దద్దరిల్లింది. మీ నాన్న అనలేదు. పెదాలు బిగించి తల నా వైపు తిప్పారు. నేను తెరవైపే చూస్తూ కూర్చున్నాను. ఆ డైలాగు తర్వాత ఇంకా ఉంది, బుడ్డమ్మా. జనం నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. అతను లేవలేడు. చాలాసేపు అక్కడే ఉండిపోతాడు. నవ్వుల గోలలో అది ఎవరికీ పట్టదు.

ఆట అయ్యాక హాలు వరండాలో టీ తాగుతున్నాం. డాక్టరు నా మొహం చూసి, "వదినా, మీరు లోపల్లోపల కుమిలిపోతున్నారు, నాకు తెలుస్తోంది. ఆ రోజు మీరు ఇంట్లో లేరు. ఉంటే వదిలేసేవారా?" అన్నాడు. ఈ నాలుగు నెలల్లో అందరూ నాతో అన్న మాటే. ఆసుపత్రిలో అన్నారు, పక్కింటావిడ అంది, ఫోన్లో నువ్వూ అన్నావు. ఎవరు అన్నా మీ నాన్న ఎడమ చేత్తో కుర్చీ చేతిని కొడతారు. ఆ రోజూ కొట్టారు.

"ఏంటి బావా, నీళ్ళా?" అన్నాడు బొంగురు మావయ్య.

"నీళ్ళు కాదు," అన్నాను. "నేను ఇంట్లోనే ఉన్నాను, అన్నయ్యా. ఆయన అదే చెప్తున్నారు."

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్న. 'అమ్మా, ఆ రోజు నువ్వు ప్రెస్సుకి బయల్దేరేటప్పుడు నాన్న ఎలా ఉన్నాడు, ఏమన్నాడు?' అని కదా అడిగావు. నాన్న ఆఖరిసారి మామూలుగా మాట్లాడిన మాట దాచుకుందామని అడిగి ఉంటావు. ఇదుగో.

ఏడుకి పది నిమిషాల ముందు. స్కూలు పుస్తకం అచ్చుకి వెళ్ళాల్సి ఉంది, ప్రెస్సుకి తొందరగా రమ్మన్నారు. సంచీ భుజానికి వేసుకున్నాను. బాల్కనీలో చప్పుడైంది. చూస్తే మీ నాన్న కొళాయి పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నారు, కాలొకటి కింద మడతపడి ఉంది. బకెట్లోకి నీళ్ళు సన్నగా పడుతున్నాయి. నన్ను చూసి, "పదతం కాదిది, దిగదంలో తొందల" అన్నారు.

అలాగే అన్నారు. అక్షరాలు జారిపోయి, పసిపిల్లాడిలా. నా చెవికి పట్టింది. రోజంతా అచ్చుతప్పులు పట్టి బతికేదాన్ని, ఆ తప్పులు వినపడకపోవడమేమిటి? వినపడ్డాయి. ముద్దుమాటలు కూడా మొదలెట్టారు కాబోలనుకున్నాను. ఒళ్ళు మండింది. "మీ నాటకాలు చూడ్డానికి నాకు టైము లేదు" అన్నాను. ఆయన ఎడమ చెయ్యి పైకెత్తారు. మహారాజు దీవించినట్టుందనుకున్నాను. తలుపు లాగి వెళ్ళిపోయాను.

ఒంటిగంటకి, బకెట్టు పొంగి నీళ్ళు మెట్ల మీదికి వస్తున్నాయని కిందివాళ్ళు ఫోను చేశారు.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు, "చివరిసారి ఎప్పుడు చూశారు?" అన్నాడు. "ఏడింటికి. బాగానే ఉన్నారు" అన్నాను. "మొదటి నాలుగు గంటల్లో తెచ్చుంటే ఒక ఇంజెక్షనుండేదమ్మా. ఇంట్లో ఎవరూ లేరు, మీరు మాత్రం ఏం చేస్తారు?" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ నిలబడ్డాను. నిజం తెలిసిన మనిషి ఒక్కరే, ఆయనకేమో నోరు లేదు. భయమేసిందంటే నమ్ముతావా? మాటలు నేర్పే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళిన ప్రతిసారీ, ఆయనకి ఒక్క సొంత మాటైనా రావాలని కోరుకున్నాను. వస్తే మొదట ఏమంటారోనని వణికాను. రెండూ నేనే.

ఇదంతా వరండాలోనే వాళ్ళకి చెప్పేశాను. పళ్ళ డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడటం లేదు. బొంగురు మావయ్య మాత్రం, "పదండి చెల్లెమ్మా, ఎండెక్కుతోంది" అని కుర్చీ పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక నా చేత్తో పెడితే మీ నాన్న తినలేదు. డైలాగు కూడా లేదు, ఊరికే మొహం తిప్పేసుకున్నారు. రెండు రోజులు మీ మావయ్యే వచ్చి తినిపించి వెళ్ళాడు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి గుమ్మం దగ్గర కూర్చుని చూశాను. మూడోరోజు పొద్దున చెంచా పెడితే నోరు తెరిచారు. అది క్షమించడమో, ఆకలో నాకు తెలియదు. అడగలేదు. ఆ తర్వాత పక్కింటావిడ వచ్చి మళ్ళీ ఓదార్చబోతే ఆవిడకీ నిజం చెప్పేశాను. ఆయన చెయ్యి కుర్చీ మీద కదలకుండా ఉంది.

నీకు కోపం వస్తుంది. రానీ. నన్ను ఓదార్చడానికి మాత్రం ఏమీ రాయకు. నన్ను తిట్టాలంటే తిట్టు. ఆయనకి వేరే ఉత్తరం రాయి, ఆ సినిమా గురించి రాయి, మీ జట్టు మాటలు రాయి. ఆయన చదవలేరు, అక్షరాలు కూడుకోవడం లేదు. నేనే చదివి వినిపిస్తాను.

ఇంటికి వచ్చాక ఇంత పొడుగు ఉత్తరమూ ఆయన ఎదురుగా కూర్చుని పైకి చదివాను. ఆయన వింటుండగా ఫోన్లో చెప్పలేకపోయిన మాటలు, ఎందుకోగాని చదవగలిగాను. కళ్ళు మూసుకుని విన్నారు. 'ఏడింటికి. బాగానే ఉన్నారు' అన్నచోట చెయ్యి ఎత్తి ఆపారు. మళ్ళీ చదవమన్నట్టు సైగ చేశారు. మళ్ళీ చదివాను. ఇంకోసారి అన్నట్టు మళ్ళీ చెయ్యి ఎత్తారు. మూడోసారీ చదివాను. అప్పుడు తల ఊపి, బల్ల మీదున్న పెన్నుని ఎడమ చేత్తో నా వైపు తోశారు.

సంతకం పెట్టమని.

ఇట్లు,
ఆ ఉదయం ఇంట్లోనే ఉన్న
మీ అమ్మ